అర్ధరాత్రి నాగపూరులో కలిసిన విమానాలు

ఈ రోజుల్లో విమానం ఎక్కడమంటే ఎర్రబస్సు ఎక్కినంత సులువు. కానీ విమానం పేరు చెబితేనే వీధి వీధంతా ఆకాశంకేసి చూసిన కాలం ఒకటుంది. నాగపూరులో స్థిరపడిన మా వంటి తెలుగు కుటుంబాలకు ఆ కాలంతో ఒక ప్రత్యేకమైన బంధం ఉంది.

1949 జనవరిలో మన దేశంలో రాత్రి తపాలా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రివేళ నాలుగు విమానాలు బయలుదేరి, నడిరాత్రి దాటాక నాగపూరు సోనేగావ్‌లో కలుసుకునేవి. తపాలా సంచులు, ప్రయాణికులు అక్కడ విమానాలు మారేవారు. తెల్లవారేసరికి ఏ విమానం దాని ఊరు అది చేరేది. దేశానికి నడిబొడ్డున ఉండటం వల్ల మా ఊరికి దక్కిన గౌరవమిది. 1953లో ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పరిచారు. హైదరాబాదువారి డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా అందులో ఒకటి. ఆ తర్వాతా ఈ రాత్రి విమానాలు నడిచాయి. వ్యాపారుల చెక్కులు, బ్యాంకు డ్రాఫ్టుల అడ్వైజులు ఆ సంచుల్లోనే వెళ్లేవని మా బ్యాంకులో పాతవారు చెప్పేవారు.

నేను పుట్టకముందు, 1964లో ఒక సాయంత్రం, మద్రాసు పెరంబూరులో ఉన్న తాతయ్యకు ప్రాణం మీదికి వచ్చిందని టెలిగ్రాం అందింది. రైలు కోసం ఆగితే ఆలస్యమవుతుంది. నాన్నగారు రైల్వేలో గుమాస్తా. టిక్కెట్టుకు నెల జీతం చాలదు. అమ్మ మారుమాట లేకుండా చేతి గాజులు తీసి సేటు దగ్గర కుదువ పెట్టించింది. చెవుల్లో దూది, నోట్లో పిప్పరమెంటుతో నాన్నగారు ఆ రాత్రి మద్రాసు విమానం ఎక్కారు. పొద్దున్నే ఇల్లు చేరారు. తాతయ్య కొడుకును గుర్తుపట్టి, పేరు పెట్టి పిలిచి, ఆయన చేతి తులసితీర్థం పుచ్చుకుని మధ్యాహ్నం కన్నుమూశారట.

గాజులు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. వడ్డీలు లెక్కగట్టడమే నా వృత్తి. అయినా ఆ లెక్క అడిగితే అమ్మ నవ్వి ఊరుకునేది.

ఇప్పుడు సామాన్యులు సైతం విమానం ఎక్కగలుగుతున్నారు, సంతోషమే. అయితే అప్పటి ప్రయాణం వెనుక ఇంటిల్లిపాది త్యాగం ఉండేది. మీ ఇంటి పెద్దలు ఎవరైనా అలా ప్రయాణించి ఉంటే, ఆ ముచ్చట అడిగి పిల్లలకు వినిపించండి.