పొట్టి ఆవు... గట్టి పరీక్ష

నల్లమాడ నుంచి కదిరి మీదుగా మదనపల్లె దాటితే వచ్చేది పుంగనూరు. ఆ పేరు వినగానే మీకు గుర్తొచ్చేది రీల్స్‌లో ఇంట్లో సోఫా చుట్టూ తిరిగే పొట్టి ఆవే కదూ! 2024 సంక్రాంతికి ప్రధాని తన నివాసంలో వాటికి మేత తినిపించిన ఫొటోలు వచ్చాక ఆ మోజు ఇంకా పెరిగింది.

కానీ ఈ జాతి ముద్దు కోసం పుట్టింది కాదు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుంగనూరు, పలమనేరు, వి.కోట చుట్టుపక్కల రైతులు తరతరాలుగా పెంచుకొచ్చిన పశువు. ఎత్తు మూడడుగులకు అటూఇటూ. కొద్దిపాటి మేతతో కరువును నెట్టుకొస్తుంది. వామిలో వేరుశనగ కట్టె ఇంకెన్నాళ్లొస్తుందో లెక్కేసుకునే ఇళ్లలో పుట్టినవాళ్లు మీరు, దాని విలువ మీకు వేరే చెప్పాలా? పాలు తక్కువే. వెన్న శాతం మాత్రం 8 దాకా ఉంటుందని పేరు. మామూలు ఆవు పాలలో అది 3–4 శాతమే. తేలిక నేలల్లో ఈ ఎద్దులతో సేద్యమూ చేసేవారు.

మరెందుకు తగ్గిపోయాయి? ఏ రోగమో వచ్చి కాదు. పాల దిగుబడి కోసం ఊరూరా జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యంతో సంకరం చేయించారు. ట్రాక్టర్లొచ్చి ఎద్దుల పని పోయింది, బీళ్లూ తగ్గాయి. రైతును తప్పుపట్టలేం, ఇల్లు గడవాలిగా! ఉగాండాలో పొడవాటి కొమ్ముల అంకోలే పశువులదీ ఇదే కథ. అక్కడా పాల కోసం హోల్‌స్టీన్‌తో కలిపేస్తున్నారు.

ఇప్పుడు ముప్పు పేరుప్రతిష్ఠల నుంచే. పొట్టిగా కనిపించిన సంకర దూడకు కూడా ‘పుంగనూరు’ అని పేరు పెట్టి లక్షలు అడుగుతున్నారు. ఇంకా పొట్టివి పుట్టించాలని దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటినే కలుపుతూ పోతే చూడి నిలవదు, రోగాలను తట్టుకునే శక్తీ తగ్గుతుంది.

మీ చదువుకు ఇక్కడే పని ఉంది. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా, ఇంటర్ బైపీసీ తర్వాత ఐదున్నరేళ్ల బీవీఎస్సీ ఉన్నాయి. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఈ రెండూ నడుపుతోంది. పలమనేరులో పుంగనూరు మందను కాపాడుతున్న పరిశోధన కేంద్రమూ దానిదే. పిండమార్పిడి, వీర్యం నిల్వ అంటే అందరికీ ఆసక్తే. ఏ దూడకు ఏ తల్లి, ఏ ఆబోతు అని ఓపిగ్గా రాసిపెట్టేవాళ్లే తక్కువ.

ఈలోగా మీ ఊళ్లో ఎవరైనా పుంగనూరు కొంటామంటే టేపు పట్టుకుని ఎత్తు కొలవకండి. తల్లి ఎక్కడిది, ఏ ఆబోతుకు పుట్టింది, రికార్డు ఉందా అని అడగండి. జవాబు లేదా? అయితే ధరలోంచి ‘పుంగనూరు’ తీసేసి బేరమాడండి.