కోచ్‌కి ఎన్నాళ్లు గడువివ్వాలి?

ఓడిన మర్నాడే వేటు వేయడం మన ఆటలకు అలవాటైపోయింది. ఒకప్పుడు ఈ నేల మీదే ఓ బడిపంతులు చేతికి జట్టునిచ్చి పదమూడేళ్లు కదపలేదు. ఆ ఓపిక దేశానికి బంగారం తెచ్చింది.

1962 సెప్టెంబరు 4. జకార్తాలో ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్. స్టేడియం నిండా జనం. భారత్‌కు జేజేలు కొట్టేవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఎదురుగా దక్షిణ కొరియా. అదే టోర్నీ తొలి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు.

ఆ రోజు మన సెంటర్ ఫార్వర్డ్ జర్నైల్ సింగ్. నిజానికి ఆయన డిఫెండర్. పైగా థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అలాంటి మనిషిని వెనక నుంచి ముందుకు తెచ్చి గోల్ కొట్టమన్నాడు కోచ్. జ్వరం నుంచి తేరుకున్న పీటర్ తంగరాజ్‌ని మళ్లీ గోల్‌పోస్టు ముందు నిలబెట్టాడు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో బంగారం మనదైంది.

ఆ కోచ్ హైదరాబాద్ మాస్టారు సయ్యద్ అబ్దుల్ రహీం. దానికి పదేళ్ల ముందు, 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయిన జట్టుకూ ఆయనే కోచ్.

పది గోల్స్ తిన్న కోచ్‌ని ఈ రోజుల్లో ఎవరైనా ఉంచుతారా?

ఎడమకాలి పోటీలు

హెల్సింకిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండానే ఆడారు. చలికి కాళ్లు కొంకర్లు పోయాయి. ఆ ఓటమి తర్వాతే ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. రహీం తన ఆలోచననూ మార్చుకున్నాడు, ఆటగాళ్లను నిలబెట్టే తీరునూ మార్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో అదే భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్‌కు వెళ్లి, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు.

జాతీయ జట్టు ప్రతి టోర్నీలోనూ రహీం చేతిలో లేదు. ఆయన్ని కదపనిది హైదరాబాద్. 1950లో సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్న మనిషి 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూసే దాకా ఆ జట్టుతోనే ఉన్నాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. డ్యూరాండ్ కప్పులు తెచ్చింది. 1956-57, 1957-58 సంతోష్ ట్రోఫీలు హైదరాబాద్‌వే.

ఆ గడువును రహీం ఎలా వాడుకున్నాడో చూడండి. కుర్రాళ్లకు ప్రత్యేకంగా పోటీలు పెట్టేవాడు. ఒకదాంట్లో బలం లేని కాలితోనే బంతి తన్నాలి. ఇంకోదాంట్లో బంతిని తనే తోసుకుంటూ పోకూడదు, అందుకున్న వెంటనే తోటివాడికి ఇచ్చేయాలి. కుడికాలి వాటం పిల్లాడికి ఎడమకాలు అలవాటు కావాలంటే ఏళ్లు పడుతుంది. వచ్చే నెల తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని కోచ్ ఎడమకాలి పోటీలు పెట్టడు. ఉన్నవాళ్లలో బాగా ఆడేవాణ్ని ఎక్కడి నుంచైనా పట్టుకొచ్చి ఆదివారం మ్యాచ్ గట్టెక్కిస్తాడు.

భద్రత ఆటగాళ్లకూ ఉండేది. వాళ్లు పోలీసు శాఖలో జీతానికి పనిచేసే మనుషులు. మ్యాచ్ పోతే ఇంట్లో పొయ్యి ఆరదు. రహీం బతుకుతెరువు కూడా బడిపంతులు పనే. జర్నైల్‌ని ముందుకు పంపే ధైర్యం ఒక్క పూటలో పుట్టింది కాదు. ఓడిపోతే తల ఎగిరిపోతుందన్న భయం లేని చోట ఏళ్ల తరబడి పెరిగిన ధైర్యమది. గడువు ఇవ్వడమంటే కోచ్ మీద జాలి చూపడం కాదు. అతని చేత సాహసం చేయించడం.

ఉప్పల్‌లో మారిన ముఖాలు

ఐపీఎల్ నెలల్లో కోడూరు సెంటర్లోనైనా, బందరు కోనేరు సెంటర్లోనైనా వినిపించే మాట ఒకటుంది. “ముందు ఆ కోచ్‌ని పీకేయాలి.” అభిమానులు అలా అనడంలో తప్పు లేదు, అది ప్రేమలోంచి వచ్చే కోపం. యాజమాన్యం కూడా అలాగే ఆలోచిస్తే ఏమవుతుందో సన్‌రైజర్స్ హైదరాబాద్ చూపించింది.

2013 నుంచి 2019 దాకా ఏడు సీజన్లు టామ్ మూడీ ఒక్కడే కోచ్. ఐదుసార్లు ప్లేఆఫ్స్ చేరారు. 2016లో డేవిడ్ వార్నర్ కెప్టెన్సీలో కప్పు గెలిచారు. తర్వాత మూడీని మార్చారు. 2020, 2021ల్లో ట్రెవర్ బేలిస్, 2022లో మళ్లీ మూడీ, 2023లో బ్రయాన్ లారా, 2024లో డేనియల్ వెటోరి. ఐదు సీజన్లలో నాలుగు పేర్లు మారాయి. కప్పు తెచ్చిన వార్నర్‌ని 2021 మే 1న సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తప్పించారు. మర్నాటి మ్యాచ్‌లో తుది జట్టులో కూడా చోటివ్వలేదు. ఆ ఏడు జట్టు చిట్టచివర నిలిచింది. 2023లో మళ్లీ చివరే.

మార్చితే బాగుపడిన సందర్భాలూ ఉన్నాయి, వాటిని దాచకూడదు. 2008లో డెక్కన్ ఛార్జర్స్ పద్నాలుగు మ్యాచ్‌లాడి రెండే గెలిచింది. మరుసటి ఏడాది కెప్టెన్‌గా గిల్‌క్రిస్ట్, కోచ్‌గా డారెన్ లేమన్ వచ్చారు. కప్పు కొట్టారు. వెటోరి కూడా వచ్చిన ఏడాదే జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లాడు. అయితే ఛార్జర్స్‌లో జరిగిందేమిటో గమనించాలి. గిల్‌క్రిస్ట్, గిబ్స్, రోహిత్, ఆర్పీ సింగ్, ఓజా, మన విశాఖ వేణుగోపాలరావు... వీళ్లంతా ఓడిన జట్టులోనూ ఉన్నవాళ్లే. నడిపించే మనిషిని మార్చారు కానీ ఇల్లు కూలగొట్టలేదు. మార్పు ఒకసారి వైద్యం. ఏటా చేస్తే అదే రోగం.

ఒకే మనిషికి రెండు గడువులు

ఈ విషయాన్ని మనోలో మార్కెజ్ కథ కంటే స్పష్టంగా చెప్పేది లేదు. ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20 తొలి సీజన్‌లో అట్టడుగున ఉంది. కోచ్ ఫిల్ బ్రౌన్‌ని మధ్యలోనే పంపేశారు. 2020లో స్పెయిన్ నుంచి మార్కెజ్ వచ్చాడు. మొదటి ఏడాది ఐదో స్థానం, ప్లేఆఫ్స్‌కు కూడా చేరలేదు. అయినా ఉంచారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి టైటిల్ గెలిచాడు. అరవై ఏళ్ల క్రితం రహీం వెలిగించిన ఊరికి మళ్లీ ఫుట్‌బాల్ వెలుగొచ్చింది.

అదే మార్కెజ్ 2024 జులైలో జాతీయ జట్టు కోచ్ అయ్యాడు. తొలి ఏడాది గోవా క్లబ్ పని, దేశం పని రెండూ అతని మీదే. ఏడాది తిరిగేసరికి బయటికొచ్చేశాడు. మనిషి ఒక్కడే, చదువు ఒక్కటే. మారింది చుట్టూ ఉన్న ఏర్పాటు, దొరికిన కాలం.

కొనేదెవరు, ఆడించేదెవరు?

అమెరికా బేస్‌బాల్‌లో ఈ లెక్క మనకంటే తేటగా ఉంటుంది. ఆటగాళ్లను తెచ్చేది, వదులుకునేది జనరల్ మేనేజర్. వాళ్లలో ఎవర్ని ఏ పూట దించాలో చూసుకునేది ఫీల్డ్ మేనేజర్. జట్టు ఓడితే అడగాల్సిన ప్రశ్నలు రెండు. సరుకు బాగోలేదా? వంట బాగోలేదా? మన దగ్గర వేలంలో పలక ఎత్తేవాళ్లు వేరు, వేటు పడేది వేరొకరి మీద.

అక్కడ కూడా ఓపిక లేని యజమానులు తక్కువేం కాదు. న్యూయార్క్ యాంకీస్ యజమాని జార్జ్ స్టెయిన్‌బ్రెనర్ బిల్లీ మార్టిన్ అనే ఒకే మేనేజర్‌ని ఐదుసార్లు పెట్టుకుని ఐదుసార్లూ వదిలించుకున్నాడు. దానికి ఎదురుగా డాడ్జర్స్ జట్టు వాల్టర్ ఆల్స్టన్ కథ. 1954 నుంచి 1976 దాకా ఆయన పనిచేసింది ఏడాది ఒప్పందాల మీదే. అలాంటివి ఇరవై మూడు. కాగితం మీద ఏ ఏటికా ఏడు ఉద్యోగం. చేతల్లో ఇరవై మూడేళ్ల నమ్మకం. నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిచి పెట్టాడు. భద్రత ఒప్పందంలో రాసిన ఏళ్లను బట్టి రాదు. ఓడిన రోజు రాత్రి యజమాని ఏం మాట్లాడతాడో దాన్నిబట్టి వస్తుంది.

గుడివాడ నేర్పిన పాఠం

దూరం వెళ్లనక్కర్లేదు. 1987లో గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి తొలి గురువు తండ్రి అశోక్. కూతురి కోసం అధ్యాపక ఉద్యోగం వదులుకుని బల్ల ముందు కూర్చున్నారు. హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ వచ్చింది 2019లో, తల్లయ్యాక తీసుకున్న విరామం తర్వాత. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో రెండోసారి గెలిచినప్పుడు ఆమెకు ముప్పై ఏడేళ్లు. 2002లో మొదలుపెట్టి ప్రతి ఏడూ “ఇంకా ప్రపంచ టైటిల్ రాలేదేం?” అని గురువును మార్చుకుంటూ పోయి ఉంటే ఈ కథ ఇలా ఉండేదా?

ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలిన రోజే కోడూరు శివారు చేలకు చేరవు. ఆ సంగతి ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాగని ఊరికే చూస్తూ కూర్చోడు. కాలువలో గుర్రపుడెక్క ఎక్కడ అడ్డుపడిందో వెళ్లి చూస్తాడు, తీయించమని అడుగుతాడు. కోచ్ విషయంలో కావాల్సిన ఓపిక సరిగ్గా ఇలాంటిదే.

మన పిల్లల విషయంలో ఆ ఓపిక కొరవడింది. అకాడమీలో చేర్చిన ఆరు నెలలకే జిల్లా జట్టులో పేరు లేదని ఇంకో అకాడమీకి మారుస్తున్నాం. హైస్కూల్ పీఈటీ మాస్టారు నాలుగేళ్లు కష్టపడి ఒక జట్టును నిలబెట్టేసరికి బదిలీ వస్తుంది. కొత్త మాస్టారు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి. పిల్లల చేతిలో మిగిలేది సగం నేర్చిన ఆట.

గడువుకూ ఓ లెక్కుండాలి

ఓపిక అందరికీ ఒకేలా చెల్లదు. పిల్లల మీద చెయ్యి చేసుకునేవాడికి, వాళ్లను అవమానించేవాడికి, హద్దు దాటి ప్రవర్తించేవాడికి ఒక్క రోజు గడువు కూడా ఇవ్వకూడదు. మిగతావాళ్ల విషయంలో పెట్టుకోవాల్సిన లెక్క ఇది.

మొదటి రోజే ఎన్నేళ్లో చెప్పాలి. జట్టు పునాది నుంచి కట్టాల్సి ఉంటే మూడేళ్లకు తక్కువ మాట్లాడకూడదు. ఆటగాళ్ల ఎంపికలో కోచ్ మాట ఎంతో రాసుకోవాలి. తను కోరుకోని జట్టుకు అతణ్ని శిక్షించకూడదు. గెలుపోటములతో పాటు ఇంకో మూడు చూడాలి. పోయినేటి కంటే ఆటగాళ్లు మెరుగయ్యారా? కొత్త కుర్రాళ్లు పైకొస్తున్నారా? జట్టు అతని మాట ఇంకా వింటోందా? మూడింటికీ కాదు అనే జవాబు వస్తే మార్చడమే న్యాయం. ఆ మాట ముఖం చూసి చెప్పాలి, సీజన్ ముగిశాక చెప్పాలి.

ఇదే కొలత కుర్చీల్లో ఉన్నవాళ్లకూ పెట్టాలి. హైదరాబాద్ క్రికెట్ సంఘం తగవులు ఎక్కడిదాకా వెళ్లాయంటే, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు చేతికి దాని వ్యవహారాలు అప్పగించాల్సి వచ్చింది. కోచ్‌లను ఏడాదికొకరిని మార్చే మనం, ఆటను నడిపే సంఘాల పెద్దలను అదే వేగంతో ప్రశ్నిస్తున్నామా?

రహీం పోయి అరవై ఏళ్లు దాటింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ బంగారం రాలేదు. కోచ్‌లు మాత్రం వస్తూనే ఉన్నారు, పోతూనే ఉన్నారు. వచ్చే సీజన్‌లో మీ జట్టు మొదటి నాలుగు మ్యాచ్‌లు ఓడినప్పుడు “ఎవర్ని పీకేయాలి” అని అడగకండి. “ఈయన ఏం కట్టాలనుకుంటున్నాడు, కట్టడానికి కావాల్సినవి ఇచ్చారా” అని అడగండి. ఆ ప్రశ్న అడిగే అభిమానులున్న చోటే కోచ్‌కి ఎడమకాలి పోటీలు పెట్టే తీరిక దొరుకుతుంది.