ఒక్క నిమిషం ఆగండి సార్!

మత్తులోకి వెళ్లిన రోగి నోరు విప్పి ఏమీ చెప్పలేడు. ఆ కాసేపూ అతని తరఫున మాట్లాడాల్సింది ఆపరేషన్ థియేటర్లోని నర్సు. ఆమె చదువుకు, ఆమె మాటకు ఎంత విలువిస్తే రోగి ప్రాణానికి అంత భరోసా.

ఆళ్లగడ్డ పక్కన ఓ పల్లె అనుకోండి. పెద్దావిడకు తెల్లవారుజామున కడుపునొప్పి మొదలైంది. ఆళ్లగడ్డ ఆసుపత్రిలో చూసి, 'నంద్యాల తీసుకెళ్లండి, ఆపరేషన్ అవసరం పడొచ్చు' అన్నారు. సుమారు నలభై కిలోమీటర్ల దారి. కొడుకూ కోడలూ దారి పొడవునా దేవుళ్లకు మొక్కుకుంటూనే ఉన్నారు. నంద్యాలలో స్ట్రెచర్ లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. పైన ఎర్రలైటు వెలిగింది.

నంద్యాల ఆసుపత్రుల్లో ఇది రోజూ కనిపించే దృశ్యమే. ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, బనగానపల్లె, ఆత్మకూరు నుంచే కాదు, నల్లమల దాటి గిద్దలూరు వైపు నుంచి కూడా జనం ఇక్కడికే వస్తారు. వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే... 'డాక్టరు మంచాయనేనా?' అని. థియేటర్లో సిస్టరెవరని మాత్రం ఎవరూ అడగరు. అడగాలని కూడా తెలియదు!

తలుపు వెనక...

థియేటర్లో నర్సు అంటే కత్తెర అందించే మనిషి అనుకుంటారు చాలామంది. నిజానికి అక్కడ కనీసం రెండు రకాల బాధ్యతలుంటాయి. చేతులు శుభ్రంగా కడుక్కుని, స్టెరైల్ గౌను, గ్లౌజులు వేసుకుని సర్జన్ పక్కన నిలబడేది స్క్రబ్ నర్సు. ఏ పరికరం ఎప్పుడు కావాలో ముందే గ్రహించి అందిస్తుంది. గ్లౌజులు లేకుండా గదిలో తిరుగుతూ మందులు, రక్తం, రికార్డులు చూసుకునేది సర్క్యులేటింగ్ నర్సు. ఇక ఆపరేషన్‌కు ముందు రోగిని సిద్ధం చేసేవారు, అయ్యాక మత్తు దిగేదాకా ఊపిరినీ నాడినీ కనిపెట్టుకుని ఉండేవారు వేరే. ఈ మూడు దశలనూ కలిపి పెరీఆపరేటివ్ నర్సింగ్ అంటారు.

పెద్ద ఆసుపత్రిలో ఈ పనులకు తలా ఒకరుంటారు. చిన్న ఊళ్లలో చాలాచోట్ల ఒకరిద్దరే అన్నీ చూసుకోవాలి. పొరపాటు జరిగే అవకాశం కూడా అక్కడే ఎక్కువ.

పంతొమ్మిది ప్రశ్నలు

ఆళ్లగడ్డ అనగానే గుర్తొచ్చేది శిల్పులు. రాతి మీద ఉలి పెట్టేముందు కొలత చూసుకుని గీత గీసుకుంటారు. ఒకసారి ఎగిరిపోయిన పెచ్చు మళ్లీ అతకదు కదా! శరీరం మీద కత్తి పెట్టేముందూ అంత జాగ్రత్త ఉండాలన్నదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 జూన్‌లో విడుదల చేసిన సర్జరీ చెక్‌లిస్టు సారాంశం.

అందులో ఉన్నవి పంతొమ్మిది అంశాలు. మత్తు ఇచ్చేముందు కొన్ని: పేరేంటి? ఏ ఆపరేషన్? ఏ వైపు? గుర్తు పెట్టారా? మందులేవైనా పడవా? కోత పెట్టేముందు మరికొన్ని: గదిలో ఉన్నవారంతా తమ పేరూ పనీ చెప్పుకున్నారా? గంటలోపు యాంటీబయాటిక్ పడిందా? పరికరాలు స్టెరైల్ అయినట్టు నర్సు నిర్ధారించిందా? రోగి బయటికెళ్లేముందు చివరివి: పరికరాలు, గాజ్ గుడ్డలు, సూదుల లెక్క సరిపోయిందా? పరీక్షకు పంపే ముక్క మీద పేరు సరిగ్గా రాశారా?

చదివితే చిన్నపిల్లల ప్రశ్నల్లా ఉంటాయి. కానీ దిల్లీ సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో దాదాపు 7,700 మంది మీద వీటిని పరీక్షించి చూశారు. ఫలితాలు 2009లో వెలువడ్డాయి. చెక్‌లిస్టు వాడాక ఆసుపత్రిలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, తీవ్రమైన సమస్యలు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. కొత్త యంత్రమేదీ కొనలేదు. అడగాల్సింది అడిగారు, అంతే!

టిక్కు పెడితే చాలదు

మరి కాగితం గోడకు అంటిస్తే సరిపోతుందా? సరిపోదని కెనడా అనుభవం చెబుతోంది. ఒంటారియో రాష్ట్రంలో 101 ఆసుపత్రుల్లో చెక్‌లిస్టు ప్రవేశపెట్టాక ఏం జరిగిందో పరిశీలించారు. 2014లో ప్రచురించిన ఆ అధ్యయనంలో మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కారణాలపై నిపుణుల మధ్య చర్చ జరిగింది. వాళ్లలో చాలామంది చూపిన లోపం ఒకటే... అడగకుండానే టిక్కులు పెట్టేయడం.

అసలు పరీక్ష ఎక్కడంటే... కడుపు మూసేముందు నర్సు గాజ్ గుడ్డలు లెక్కపెట్టింది. బోర్డు మీద ముప్ఫై అని ఉంది. చేతిలో ఇరవై తొమ్మిదే. సర్జన్‌కు ఇంకో కేసు సిద్ధంగా ఉంది. 'సరిగ్గా చూడమ్మా, అక్కడే ఎక్కడో ఉంటుంది' అన్నారు. అప్పుడామె ఏం చేయాలి? 'ఒక్క నిమిషం ఆగండి సార్, లెక్క తేలలేదు' అనాలి. బకెట్లో, నేల మీద, గుడ్డల మడతల్లో వెతకాలి. దొరక్కపోతే ఎక్స్‌రే తీయాలి. థియేటర్లో వాడే గాజ్‌లో ఎక్స్‌రేకు కనిపించే దారం వేసేది అందుకే.

ఆ ఒక్క మాట అనడానికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం కసురుకుంటే రాదు. 'లెక్క తప్పితే సిస్టర్ మాటే ఫైనల్' అని ఆసుపత్రి ముందే నియమం పెడితే వస్తుంది. అన్నాక ఎవరూ మొహం మాడ్చుకోకపోతే నిలుస్తుంది.

ఇబ్రహీంపట్నం నేర్పిన పాఠం

పొరపాటు ఖరీదు ఎంతో తెలుసుకోవడానికి కెనడా దాకా వెళ్లక్కర్లేదు. 2022 ఆగస్టు 25న హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకేరోజు 34 మంది మహిళలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. తర్వాతి రోజుల్లో నలుగురు చనిపోయారు. ఇన్ఫెక్షన్ సోకడమే కారణమని విచారణలో తేలింది. అందరూ ఆరోగ్యంగా నడిచి వచ్చినవాళ్లే.

పరికరాలను శుద్ధి చేయడమంటే వేడినీళ్లలో ముంచి తీయడం కాదు. ముందు రక్తం మరకలు పోయేలా తోమి కడగాలి. గుడ్డ చుట్టి ఆటోక్లేవ్‌లో పెట్టాలి. మామూలు ఆటోక్లేవ్ అయితే 121 డిగ్రీల ఆవిరిలో అరగంట ఉంచాలి. మూట మీది టేపుకు నల్లచారలు వచ్చినంత మాత్రాన లోపల అంతా శుద్ధి అయినట్టు కాదు. మూట వేడిని చూసిందనే దానర్థం. ఆవిరి లోపలికి చేరిందో లేదో లోపల పెట్టే ఇండికేటర్ చెబుతుంది. ఈ తేడా తెలిసిన నర్సుంటే, అనుమానం వచ్చిన మూటను పక్కన పెట్టేస్తుంది. తెలియకపోతే... టేబుల్ మీదికి వచ్చేస్తుంది.

చదువు ఆగకూడదు

నర్సింగ్ కోర్సు పూర్తయ్యాక థియేటర్ పనిలో ప్రత్యేక శిక్షణ కోసం ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఐదేళ్లలో 150 గంటల నిరంతర విద్య ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. కాగితం మీద బాగానే ఉంది. కానీ డ్యూటీలో ముగ్గురే ఉన్నచోట ఒకరు శిక్షణకు వెళితే మిగతా ఇద్దరి గతేంటి? చిన్న ఊళ్ల నర్సులకు ఎదురయ్యే అసలు చిక్కు ఇదే.

దారి లేకపోలేదు. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పెద్దాసుపత్రి బోధనాసుపత్రి అయింది. ఆళ్లగడ్డ లాంటి చోట్ల పనిచేసే సిస్టర్లు వంతులవారీగా కొద్దిరోజులు అక్కడి థియేటర్లో పనిచేసి రావచ్చు. అక్కడి అనుభవజ్ఞులు నెలకోసారి ఇటు వచ్చి, రోగి గుండె ఆగితే ఏం చేయాలో, లెక్క తప్పితే ఎలా వెతకాలో చేయించి చూపించవచ్చు. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. వెళ్లినవారి బదులు డ్యూటీకి మరొకరిని వేస్తే చాలు.

మీవాళ్లకు ఆపరేషనా?

* వాడే మందులు, పడని మందులు, పాత ఆపరేషన్లు, బీపీ, షుగరు... అన్నీ రాసి సిస్టర్‌కు ఇవ్వండి.

* 'పాపం, ఆకలేస్తోంది' అని దొంగచాటుగా టీ, బిస్కెట్లు పెట్టొద్దు. మత్తులో వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తినిపించి ఉంటే దాచకుండా చెప్పండి.

* ఇంట్లో బ్లేడుతో గొరిగించొద్దు. ఆ గాట్లతో ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. అవసరమైతే క్లిప్పర్‌తో ఆసుపత్రిలోనే తీస్తారు.

* రెండు వైపులా ఉండే అవయవమైతే ఏ వైపో గుర్తు పెట్టారా అని అడగండి.

* పేరు, ఊరు పదిసార్లు అడిగితే విసుక్కోవద్దు. ఆ ప్రశ్న మీ మంచికే.

ఎర్రలైటు ఆరింది. తలుపు తీసుకుని వచ్చిన సిస్టర్ 'అమ్మకు మెలకువొచ్చింది, పేరు చెప్పింది' అని చెప్పి లోపలికి వెళ్లిపోయింది. కొడుకు డాక్టరు గారికి చేతులు జోడించాడు. లోపల ఆమె మళ్లీ లెక్కపెడుతోంది... తర్వాతి కేసు కోసం. ఒకటి, రెండు, మూడు...