పదహారు ఈకల కాక్

బ్యాడ్మింటన్ కాక్ బరువు సుమారు 5 గ్రాములు. ముప్ఫైకి పైగా కాక్‌లు పళ్లెంలో వేస్తేగాని ఒక్క క్రికెట్ బంతికి సరితూగవు. అయినా ఏ రాకెట్ ఆటలోనూ ఏ బంతీ అందుకోని వేగం ఈ ఈకల కట్టకే దక్కింది. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామా ప్రాంతం సోకాలో, యోనెక్స్ ఫ్యాక్టరీ జిమ్నేషియంలో అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ ఒక స్మాష్ కొట్టాడు. రాకెట్ నుంచి విడివడిన క్షణంలో కాక్ వేగం గంటకు 565 కిలోమీటర్లు. గిన్నిస్ వారు దాన్ని రికార్డుగా నమోదు చేశారు. అంతకుముందు 2013లో మలేషియా ఆటగాడు తాన్ బూన్ హియాంగ్ కొట్టిన 493 కిలోమీటర్ల దెబ్బే మేటి.

ఈ అంకెను గోదావరి మీద పెట్టి చూస్తే దాని విచిత్రం తెలుస్తుంది. కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య ఉన్న ఆర్చి వంతెన పొడవు సుమారు 2.7 కిలోమీటర్లు. సాత్విక్ కొట్టిన వేగం చివరిదాకా నిలిస్తే కాక్ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు 17, 18 సెకన్లలో చేరాలి. వంతెన మీద వెళ్లే వందే భారత్ కూడా దాని ముందు ఎడ్లబండే. కాని అది జరిగే పని కాదు. పది మీటర్లు పోయేసరికే కాక్ వేగం గంటకు 70 కిలోమీటర్ల లోపుకి పడిపోతుంది. వేగంలో రికార్డు తెచ్చుకున్న వస్తువుకి అసలు విద్య వేగాన్ని పోగొట్టుకోవడం. ఈకలూ, బెండూ, వాటి కూర్పూ అన్నీ ఆ ఒక్క పనికోసమే.

కాక్ పూర్తి పేరు షటిల్‌కాక్. ఆ పేరులో మగ్గం ఉంది, కోడీ ఉంది. పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెను ఇంగ్లీషులో షటిల్ అంటారు. సాత్విక్ ఊరి పక్కనే ఉన్న బండార్లంక నేతగాళ్లకి ఆ పరుగు గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈకల వల్ల రెండో సగానికి కోడిపుంజు పేరొచ్చింది. సంక్రాంతికి పుంజుల ఊసు లేకుండా పొద్దుగడవని గోదావరి జిల్లాల్లో మాత్రం ‘కాక్’ అంటే పిల్లలకి గుర్తొచ్చేది బ్యాడ్మింటనే. ఆట పేరు కూడా జనం నోట ‘షటిల్’ అయి కూర్చుంది.

ఈకలు గుచ్చిన బెండును ఎగరేసి ఆడుకోవడం చాలా పాతది. చైనాలో కాలితో తన్ని ఆడతారు. యూరప్‌లో చిన్న చెక్క బ్యాట్లతో, కింద పడకుండా ఎన్నిసార్లు కొట్టగలమా అని ఆడేవారు. ఫ్రెంచి చిత్రకారుడు షార్డాఁ 1737లో ఒక చేత బ్యాటు, ఒక చేత కాక్ పట్టుకున్న బాలికను చిత్రించాడు. ఆ బొమ్మలోని కాక్‌ను ఇప్పటి పిల్లవాడు కూడా గుర్తుపడతాడు. అందులో గెలుపు ఓటములు లేవు, వలా లేదు. మధ్యన వల కట్టి, ఎదుటివాడు అందుకోలేకుండా కొట్టడం అనే పోటీ 1860ల ప్రాంతంలో మన పుణె కంటోన్మెంటులో బ్రిటిష్ సైనికాధికారుల మధ్య రూపు దిద్దుకుంది. సెలవు మీద ఇంటికెళ్లిన దొరలు ఆటను ఇంగ్లండుకి మోసుకుపోయారు. గ్లాస్టర్‌షైర్‌లో బ్యూఫోర్ట్ డ్యూక్ బంగళా పేరు బ్యాడ్మింటన్ హౌస్. ఆ పేరే ఆటకి అంటుకుంది. 1893లో ఇంగ్లండులో సంఘం ఏర్పడింది, 1899లో ఆల్ ఇంగ్లండ్ పోటీలు మొదలయ్యాయి. మన పుల్లెల గోపీచంద్ 2001లో గెలిచింది ఆ పోటీయే.

నియమాల ప్రకారం ఈకల కాక్‌కి పదహారు ఈకలు ఉండాలి. ఒక్కొక్కటి 62 నుంచి 70 మిల్లీమీటర్ల పొడవు. కొనలు 58 నుంచి 68 మిల్లీమీటర్ల వ్యాసం గల వలయంలో నిలవాలి. బెండు వెడల్పు 25 నుంచి 28 మిల్లీమీటర్లు, మొత్తం బరువు 4.74 నుంచి 5.50 గ్రాములు. బెండు కార్క్ ఓక్ చెట్టు బెరడుతో చేసింది, పైన పలచని తోలు. ఈకలు బాతువో, పెద్దబాతువో. మేలురకం కాక్‌లకి పెద్దబాతు ఈకలే, అవీ రెక్క ఈకలే కావాలి. ఒక రెక్కలో పనికొచ్చేవి కొన్నే ఉంటాయి కాబట్టి ఒక్క కాక్ వెనక ఒకటికి మించిన పక్షులు ఉంటాయి. కోతలయ్యాక డెల్టా వరిచేలల్లో పరిగె ఏరుకుంటూ తిరిగే బాతుల మందల్ని చూసేవారికి ఈ లెక్క తమాషాగా అనిపించవచ్చు. మన దేశంలో కాక్‌ల తయారీకి పేరుమోసిన చోటు పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలోని ఉలుబేరియా. అక్కడ ఈకలు కడగడం, కత్తిరించడం, బెండుకి గుచ్చడం, దారం చుట్టి జిగురు పూయడం ఇళ్లలో చేతిమీద సాగే పనులు.

ఈకల ఎంపికలో ఒక చాదస్తం లాంటి నియమం ఉంది. ఒక కాక్‌లో ఎడమ రెక్క ఈకలుంటే అన్నీ ఎడమ రెక్కవే కావాలి, కుడివైతే అన్నీ కుడివే. ఇది చాదస్తం కాదు. పక్షి ఈక ఒక పక్కకి వంపు తిరిగి ఉంటుంది. అన్నీ ఒకే వైపు వంగినవైతే గాలి తగిలి కాక్ ఒకే దిశలో బొంగరంలా తిరుగుతూ నిలకడగా పోతుంది. రెండూ కలిపితే ఒకదాని తిరుగుడుకి ఇంకొకటి అడ్డం పడి వంకర్లు పోతుంది. ఈ సహజమైన తిరుగుడు వల్లే కుడిచేతివాడు కోసి కొట్టిన దెబ్బా, ఎడమచేతివాడు అలాగే కొట్టిన దెబ్బా ఒకేలా పోవు.

బరువంతా బెండులో, వెడల్పంతా ఈకల్లో ఉండటంతో కాక్ ఎలా కొట్టినా మూతి ముందుకే పెట్టుకుని పోతుంది. రాకెట్ బెండుకి తగలగానే ఈకలు ముందు, బెండు వెనక అయిన స్థితిలో ఒక్క క్షణం ఉంటుంది. సెకనులో యాభయ్యో వంతు తిరక్కుండానే గిరుక్కున తలకిందులై, కాసేపు ఊగి సర్దుకుంటుంది. ఫ్రాన్స్‌లో కరోలిన్ కోహెన్, క్రిస్టోఫ్ క్లానే, వారి సహచరులు వేగవంతమైన కెమెరాలతో దీన్ని పరిశీలించి 2015లో వివరాలు ప్రచురించారు.

ఎత్తు నుంచి వదిలిన కాక్ సెకనుకు 6.8 మీటర్ల వేగం దగ్గర స్థిరపడుతుంది. అంతకుమించి గాలి పడనివ్వదు. ఈ ఒక్క సంఖ్య నుంచి మిగతా లెక్కంతా వస్తుంది: కాక్ దాదాపు ప్రతి మూడుంపావు మీటర్లకీ తన వేగంలో సగం పోగొట్టుకుంటుంది. 565తో బయల్దేరితే మూడుంపావు మీటర్ల దగ్గర 280, ఆరున్నర దగ్గర 140. కోర్టు పొడవు 13.40 మీటర్లు. ఆ కొసకి చేరేసరికి వేగం 30, 35 మధ్యకొస్తుంది, అంటే ఊళ్లో స్కూటరు వేగం. స్మాష్‌ను తిప్పికొట్టడం మనుషులకి సాధ్యపడుతున్నది ఇందువల్లే. ఈకల కాడల మధ్య ఉన్న సందులు కూడా ఊరికే లేవు. వాటిని మూసేస్తే కాక్ ఇంకా నెమ్మదిస్తుందని అనిపిస్తుంది, పరీక్షల్లో తేలింది మాత్రం తిరగబడి. సందులు ఉంటేనే గాలి అడ్డు ఎక్కువ.

గాలిమీద ఇంతగా ఆధారపడ్డ వస్తువు ఊరిని బట్టి మారక తప్పదు. సముద్ర మట్టానికి దగ్గరున్న అమలాపురంలో సరిగ్గా పడే కాక్, 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాదులో గాలి పలచన కావడంతో కాస్త దూరం పోతుంది. ఎండాకాలం వేడిగాలిలోనూ అంతే. అందుకే డబ్బాల మీద 75 నుంచి 79 దాకా అంకెలుంటాయి. అవి గ్రెయిన్లలో బరువు. 77 అంటే దాదాపు 5 గ్రాములు. పోటీకి ముందు కోర్టు చివరి గీత మీద నిలబడి కింది నుంచి గట్టిగా కొట్టి చూస్తారు. అవతలి చివరి గీతకి 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడితే ఆ కాక్ పాసయినట్టు. మ్యాచి మధ్యలో ఈక కొనలు మడిచి వేగం మార్చడం తప్పు కిందే లెక్క. ఈకలు ఎండితే పెళుసెక్కి విరుగుతాయి. ఆవిరి పట్టిస్తే మరికాస్త మన్నుతాయి, అందుకని ఆట ముందు డబ్బాకి ఆవిరి చూపే ఆటగాళ్లూ ఉన్నారు. ఎంత చేసినా పెద్ద మ్యాచిలో డజను కాక్‌లు సులువుగా చెల్లిపోతాయి.

ఈకల కాక్‌తో వచ్చిన అల్లరి సర్వీసులది వేరే కథ. 1980ల మొదట్లో మలేషియాకి చెందిన సిదేక్ సోదరులు బెండుకి బదులు ఈకల్ని తాకేలా సర్వీసు చేసేవారు. కాక్ ఎటు పోతుందో ఎదుటివాడికి అంతుపట్టేది కాదు. 1982లో దాన్ని నిషేధించారు, సర్వీసులో రాకెట్ ముందుగా బెండునే తాకాలన్నారు. నలభై ఏళ్ల తర్వాత, 2023లో డెన్మార్క్ ఆటగాడు మార్కస్ రిండ్షోయ్ కొత్త కిటుకు తెచ్చాడు. రాకెట్ బెండునే తాకుతుంది, కాని వదిలేటప్పుడే వేళ్లతో కాక్‌ను గిర్రున తిప్పేస్తాడు. నియమం మాట నెగ్గింది, ఉద్దేశం ఓడింది. ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య కొద్ది నెలల్లోనే దాన్నీ ఆపేసింది.

బడిపిల్లలు ఆడే ప్లాస్టిక్ కాక్ చవక, మన్నిక ఎక్కువ. దాని లోపం గట్టి దెబ్బలో బయటపడుతుంది. వేగానికి ప్లాస్టిక్ గొట్టం ముడుచుకుని సన్నబడటంతో గాలి అడ్డు తగ్గి, స్మాష్ అనుకున్నదానికన్నా దూసుకుపోతుంది. ఈకల కాక్ అలా ముడుచుకోదు. పక్షి ఈకలకు సాటి వచ్చే కృత్రిమ ఈకలను 2019లో కొన్ని అంతర్జాతీయ పోటీల్లో పరీక్షించారు. పెద్ద వేదికల మీద మాత్రం అసలు ఈకదే చెల్లుబాటు.

ఏ ఈకైనా ఆరుబయట గాలికి లొంగిపోవలసిందే. కొవ్వూరు గోష్పాద క్షేత్రం రేవులో సాయంత్రం ఏటిగాలి సెకనుకు 3 మీటర్ల చొప్పున వీస్తోందనుకుంటే, ఆరు మీటర్ల పైనుంచి దిగే కాక్ పడేలోపే రెండున్నర, మూడు మీటర్లు పక్కకి కొట్టుకుపోతుంది. కోర్టు వెడల్పు 6.10 మీటర్లే. పందొమ్మిదో శతాబ్దం నడిమిలో తంజావూరులో మొదలైన బాల్ బ్యాడ్మింటన్ ఈ చిక్కును ఈకలే తీసేసి విప్పుకుంది. 27 నుంచి 30 గ్రాముల పసుపుపచ్చ ఉన్ని బంతి, 24 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు మట్టికోర్టు, ఫైవ్స్‌లో జట్టుకి అయిదుగురు. డెల్టా హైస్కూలు మైదానాల్లో ఆ బంతి వీపున తగిలినవారు చాలామందే. ఇదే చిక్కుకి విరుగుడుగా ప్రపంచ సమాఖ్య ఇసుకలో, గడ్డిమీద ఆడేలా ‘ఎయిర్‌షటిల్’ అనే కాక్‌ను, ‘ఎయిర్‌బ్యాడ్మింటన్’ అనే ఆటను 2019లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆవిష్కరించింది.