సొరకాయకు గోరు, ఉక్కుకు వజ్రం

బజారులో సొరకాయ బేరమాడే ఇల్లాలు ముందుగా గోటితో కాయను ఒక నొక్కు నొక్కి చూస్తుంది. గోరు దిగితే లేత, దిగకపోతే ముదురు. అమ్మేవాడు విసుక్కుంటాడు, అది వేరే సంగతి. కార్ఖానాలో ఉక్కు గట్టిదనం చూడడం కూడా యింతేనంటే చదువరులు నవ్వవచ్చు గాని, నిజం అంతే. గోటికి బదులు అక్కడ వజ్రం వుంటుంది.

1812లో జర్మను ఖనిజ శాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ మోస్, ఏది దేనిని గీస్తుందో చూసి పది ఖనిజాలకు వరుస కట్టాడు. మెత్తని టాల్కుకు 1, వజ్రానికి 10. వరుస తెలిసింది గాని, ఒకదాని కంటె మరొకటి యెంత గట్టిదో తెలియలేదు. 1900లో స్వీడను ఇంజనీరు బ్రినెల్ ఉక్కు గోళీతో లోహాన్ని నొక్కి, పడిన గుంటను కొలిచాడు. మరీ గట్టి ఉక్కు మీద ఆ గోళీయే అణగిపోయేది. 1920 తరువాత ఇంగ్లండులో వికర్సు కంపెనీవారైన స్మిత్, సాండ్లండ్ అనే యిద్దరు నాలుగు పలకల వజ్రపు మొనను వాడారు. దాని గుంట చదరంగా పడుతుంది. కిలోలలో బరువును 1.854తో హెచ్చవేసి, మిల్లీమీటర్లలో కర్ణం వర్గంతో భాగిస్తే వచ్చేదే గట్టిదనం అంకె.

చిక్కంతా ఆ కర్ణం కొలవడంలోనే వుంది. నేను గుమాస్తాగా వున్న కార్ఖానాలో గట్టిపరిచిన ఉక్కు పిన్నులకు కనీసం 700 వుండాలని షరతు. 10 కిలోల బరువు పెట్టి, మా తనిఖీ పెద్దాయన మైక్రోస్కోపులో చూసి 0.162 మి.మీ. అన్నారు. లెక్కకు 706. నేను సర్టిఫికేటు టైపు చేసి పంపాను. కొన్నవారి మనిషి అదే గుంటను చూసి 0.164 అన్నాడు. అంటే 689! తేడా తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతయినా వుండదు. సరుకు తిరిగి వచ్చింది. "పెద్దాయన కళ్లు మందగించాయి" అన్న మాట కార్ఖానా అంతా పాకింది. ముప్పయి యేళ్లు ఆ కంటితోనే బతికిన మనిషి ఆ రోజు క్యారియరు విప్పలేదు.

తరువాత మైక్రోస్కోపుకు కెమేరా తగిలించి, కంప్యూటరుకు కలిపారు. బొమ్మ వేలకొద్దీ చుక్కలుగా విడిపోతుంది. ఒక్కొక్క చుక్క వెలుగుకు 0 నుంచి 255 దాకా ఒక అంకె. నున్నగా మెరుగుపెట్టిన ఉక్కు తెల్లగా, గుంట నల్లగా కనిపిస్తుంది. ఏ అంకె దగ్గర నలుపు ముగిసి తెలుపు మొదలవుతుందో చూసి యంత్రం అంచులు పట్టుకుంటుంది, మూలలు వెతుకుతుంది, నడుమ చుక్కలు లెక్కపెడుతుంది. ఒక చుక్క మిల్లీమీటరులో రెండువేలవ వంతయితే, 326 చుక్కలు 0.163 మి.మీ. అవుతాయి. చుక్క కొలత యెంతో ముందుగా, సన్నని గీతలు చెక్కిన గాజు స్కేలును అదే కెమేరా కింద పెట్టి తేల్చుకోవాలి.

అయితే యంత్రం దేవుడేమీ కాదు. మెరుగు సరిగా పెట్టకపోతే గీతను కూడా గుంట అంచు అనుకుంటుంది. దీపం కాస్త యెక్కువైతే మూలలు వెలుగులో కరిగి గుంట చిన్నదవుతుంది, ఉక్కు ఉన్నదానికంటె గట్టిదై కూర్చుంటుంది. అందుకే రోజూ పొద్దున్నే గట్టిదనం ముందే తెలిసిన దిమ్మ మీద ఒక గుంట వేసి చూడాలి. ఆ పని పెద్దాయనకే అప్పగించారు. మెరుగు పెట్టడంలో ఆయన చేతికి సాటి లేదు.

పాత తగవు పిన్నును ఆయన దాచి వుంచారు. ఒకనాడు తానే తెచ్చి కెమేరా కింద పెట్టారు. అయిదుసార్లు కొలిస్తే అయిదుసార్లూ 0.163. అంకె 698. యిద్దరి కళ్లూ చెరొక వైపుకు మిల్లీమీటరులో వెయ్యో వంతు తప్పాయన్న మాట.

"మరి సరుకు?" అన్నాను.

"రెండు తక్కువే గదయ్యా," అన్నారాయన అద్దాలు తుడుచుకుంటూ. "రాయి, మళ్లీ కొలిమికి పంపమని."

ఆ కాగితం కూడా నేనే టైపు చేశాను.