చెట్టు బెరడులోని చేదు

వేపచెట్టునకు పురుగు పట్టదని మన పల్లెలలో తరతరములుగా చెప్పుకొను మాట సంపూర్ణసత్యము కాదు. టీ దోమ యను కీటకము దాని లేతచిగుళ్ల రసమును పీల్చును. 2021లో తెలంగాణమున వేపచెట్లు కొనల నుండి ఎండుచు వచ్చుట చూచి జనులు మిక్కిలి కలవరపడిరి. అయినను, దశాబ్దముల పర్యంతము ఒక్కచోటనే నిలిచి, ఆకలిగొన్న అసంఖ్యాక కీటకముల నడుమ ఆ వృక్షము ఇంత పచ్చగా మనుట యాదృచ్ఛికము కాజాలదు. ఆ రక్షణ చాలవరకు దాని చేదులోనే యున్నది. ఆ చేదు ఆకునందును, గింజయందును, బెరడునందును వేర్వేరు పాళ్లలో నిక్షిప్తమై యున్నది.

మనము బెరడని పిలుచునది ఒకే పొర కాదు. వెలుపలి పెళుసైన పొర నిర్జీవము. దాని చాటుననున్న మెత్తని సజీవభాగము, ఆకులలో తయారైన చక్కెరను వేరుల దాక చేరవేయు మార్గము. వృక్షమున కంతటికి ఆహారము ప్రవహించు త్రోవ యగుటచేత, తినవచ్చిన ప్రాణికి ఆశ గొల్పు తావు కూడ అదియే. కావుననే పెక్కు వృక్షములు టానినులు, ఆల్కలాయిడ్లు, లిమొనాయిడ్లు మొదలగు చేదు వగరు పదార్థములను అచ్చటనే కూడబెట్టుకొనును. మలేరియాకు మందైన క్వినైను సింకోనా బెరడున దొరకుటయు ఈ కోవలోనిదే.

ఈ విషయమున చైనా దేశపు అనుభవము సవిస్తరముగా చెప్పదగినది. అచ్చట వేపకు జ్ఞాతియు, మన ఊళ్లలోని తురకవేపకు మరింత దగ్గరి బంధువు నగు చువాన్‌లియన్ అను వృక్షము కలదు. దాని బెరడు కషాయమును ఏలికపాములు పడిపోవుటకై అచ్చటి వైద్యులు చిరకాలముగా ఇచ్చుచుండిరి. 1950ల దశకమున రసాయనశాస్త్రజ్ఞులు ఆ బెరడు నుండి టూసెండనిన్ అను పదార్థమును వేరుచేసిరి. మనుష్యుని ప్రేవులలోని క్రిములకొరకు వెదకి పట్టిన ఆ చేదే కూరతోటలలోని పురుగుల పాలిటికిని శత్రువని తరువాత తేలినది. గ్వాంగ్‌ఝౌ నగరమున ఝావో షాన్‌హువాన్ అను కీటకశాస్త్రజ్ఞుడును, ఆయన శిష్యులును ఈ వృక్షకుటుంబమును గూర్చి విస్తృతముగా పరిశోధించిరి.

టూసెండనిన్ పనిచేయు రీతి నాకు మిక్కిలి అద్భుతముగా తోచుచున్నది. క్యాబేజి నాశించు గొంగళిపురుగు నోటి ప్రక్కన సూక్ష్మమైన రుచిగ్రాహకములుండును. టూసెండనిన్ వానిని తాకినంతనే, వలదని హెచ్చరించు కణము ఉద్రేకించును. అదే సమయమున తీపిని తెలుపు కణము మందగించును. ఎదుట లేతాకు నిగనిగలాడుచున్నను ఆ పురుగునకు అది ఆహారముగా తోచదు. మొండితనమున తినెనా, దాని జీర్ణాశయపు కణములు చెడి, ఎదుగుదల కుంటువడును. వాయవ్య చైనాలో ఒక తీగ వేరుబెరడు నుండి తీయు సెలాంగులిన్ కూడ ఇట్లే పురుగు ప్రేవులపైననే పనిచేయును. చల్లిన గడియలోనే పురుగులు రాలిపడవలెనని కోరువారికి ఇవి తృప్తినీయవు. పైరు నిలుచుట ముఖ్యమనుకొనువారికి మాత్రము రెండుమూడు దినముల ఓపిక భారము కాదు.

ప్రకృతిసిద్ధమైన దంతయు నిరపాయమని తలంచుట గొప్ప పొరపాటు. చువాన్‌లియన్ బెరడును మితిమీరి సేవించినవారికి కాలేయము చెడినట్లు వైద్యులు గుర్తించిరి. డెరిస్ అను మొక్క వేరు నుండి తీయు రొటెనోన్ అను పురుగుమందు చేపలకు మహావిషము.

అంతకన్న నన్ను బాధించునది వేరొకటి. ఆకు కోసిన మరల చిగుర్చును, పండు రాలిన మరుసటి ఏట మరల కాచును; కాని కాండము చుట్టును బెరడు వలిచినచో ఆహారమార్గము తెగి, వేరులు పస్తుండి, వృక్షము క్రమముగా మరణించును. పురుగును తోలుటకు చెట్టునే బలిపెట్టు పద్ధతి ఎన్నటికిని నిలువదు. ఈ దృష్టితో చూచిన, మన దేశపు శాస్త్రజ్ఞులు వేపగింజను ఆశ్రయించుట ఎంతయు మేలైనది. 1962లో మిడుతల దండు ఢిల్లీ ప్రాంతమునకు వచ్చినప్పుడు, కీటకశాస్త్రజ్ఞుడైన ప్రధాన్ మహాశయుడు వేపపప్పు కలిపిన నీటిని పైరుపై చల్లించగా, మిడుతలు వాలియు తినకపోయినవి. 1968లో ఇంగ్లండునందు బటర్‌వర్త్, మోర్గన్ అనువారు ఆ గింజ నుండి అజాడిరక్టిన్‌ను వేరుచేసిరి. అది పురుగు కుబుసము విడుచు క్రమమునే భంగపరచును. నాటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామ రైతులు 2000 తరువాతి తొలి సంవత్సరములలో పురుగుమందులను విడిచి, ప్రత్తి చేలలో ముఖ్యముగా వేపకషాయమునే నమ్ముకొనిరి.

ఆ వేపకషాయపు తయారీ సులభము. జ్యేష్ఠాషాఢములలో రాలిన పండ్లను ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టి, పొట్టు తీయవలెను. 5 కిలోల పప్పును దంచి గుడ్డలో మూటగట్టి, రాత్రియంతయు నీట నానవేసి పిండి, కొలదిగా సబ్బునీరు చేర్చి, మొత్తము 100 లీటర్లు చేసిన, అయిదు శాతపు కషాయ మగును. ఎండకు అజాడిరక్టిన్ విరిగిపోవును గనుక సాయంకాలమే చల్లవలెను. బూజుపట్టిన పప్పు పనికిరాదు. ఏడాది దాటిన పప్పునకు బలము తగ్గును గావున ఏయేటి గింజను ఆయేటనే సేకరించుకొనవలెను.