బేస్‌మెంట్‌లో ఆగిన పాట

డబ్లిన్‌లో మా సైటు బేస్‌మెంట్‌లో టీ టైముకి ఘంటసాల పాట పెడితే పల్లవి దాటేది కాదు. ఇంటిమీద బెంగ తీరేది ఆ పది నిమిషాలే కదా! యాప్ పాడైందనుకుని తీసేసి మళ్లీ వేశాం. అంతకుముందు దాచుకున్న నాలుగు పాటలూ పోయాయి. తీరా చూస్తే అడ్డం మేం కట్టిన గోడే! కాంక్రీటూ, అందులోని ఇనుప కడ్డీలూ సిగ్నల్‌ని లోపలికి రానివ్వవు.

ఇప్పుడు రాత్రే రూములో వైఫై మీద పాటలు దించుకుంటున్నాం. స్పాటిఫైలో అయితే 30 రోజులకోసారైనా నెట్ తగలాలి, లేకపోతే దించినవి పాడవు. ఇండియాలో తెరిచిన ఉచిత ఖాతా ఇక్కడ 14 రోజులే; ఆపైన దేశం మార్చుకోవాలి. స్క్రీన్ ఆరగానే పాట ఆగుతోందా? బ్యాటరీ సేవర్ చూడండి.

పనిలో మాత్రం ఇయర్‌ఫోన్లు వద్దు బాబూ, క్రేన్ హారన్ వినబడాలి.